పేరు మిగిలిన స్టేషను

రైలు స్టేషను మూతపడిన పిదప ఏమి మిగులును? కట్టడము కూలును, ప్లాటుఫారముపై గడ్డి మొలచును, కొంతకాలమునకు పేరు కూడ మరపున పడును. ఇంగ్లండులో వందలకొలది పల్లె స్టేషనుల గతి ఇదియే. ఆడిల్‌స్ట్రాప్ స్టేషను మాత్రము పేరును దక్కించుకొన్నది.

ఆడిల్‌స్ట్రాప్ గ్లాస్టర్‌షైరులోని చిన్న గ్రామము. బెంగాలు గవర్నరు జనరలుగా మన చరిత్రకెక్కిన వారన్ హేస్టింగ్స్ తన చివరి దినములు గడపిన డేల్స్‌ఫర్డ్ దీనికి పొరుగూరే. ఆక్స్‌ఫర్డ్, వూస్టర్, వుల్వర్‌హాంప్టన్ రైల్వే కంపెనీ 1853లో ఈ మార్గమును తెరచినది. ఆ పేరులోని పొడి అక్షరములను పట్టుకొని జనులు దానిని 'పాతది, అధ్వాన్నము, మరింత అధ్వాన్నము' అని పరిహసించెడివారు. 1863లో అది గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో కలిసిపోయినది.

1914 జూన్ 24వ తేదీన ఎడ్వర్డ్ థామస్ అను రచయిత, తన మిత్రుడైన అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్‌ను చూడబోవుచు ఈ దారిన ప్రయాణించినాడు. ఎండ తీక్ష్ణముగా నున్నది. బండి ఆడిల్‌స్ట్రాప్‌లో ఆగినది. ఆ ఆగుటను గూర్చి ఆయన తన నోటు పుస్తకములో కొద్ది మాటలు వ్రాసికొన్నాడు. ఆరు వారములలో బ్రిటను మహాయుద్ధమున దిగినది. 1915 జనవరిలో థామస్ ఆ క్షణమును పదునారు పంక్తుల కవితగా మలచినాడు. ఆ యేడే సైన్యములో చేరి, 1917 ఏప్రిల్ 9న ఫ్రాన్సులోని అరాస్ యుద్ధరంగమున మరణించినాడు. ఆ నెలాఖరుననే కవిత పత్రికలో అచ్చయినది. అందులో యుద్ధము ఊసే లేదు. అయినను, యుద్ధమునకు ముందటి ప్రశాంతిని తలచుకొను ఆంగ్లేయులకు ఆ స్టేషను పేరు జ్ఞప్తికి వచ్చుచుండును.

కాలక్రమమున మోటారు బండ్లు పెరిగినవి, రైల్వేలకు నష్టములు ముంచుకొని వచ్చినవి. 1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు డాక్టర్ బీచింగ్ 2,363 స్టేషనులను మూసివేయవలెనని సూచించినాడు. రైలు మార్గములలో మూడవవంతు, ప్రయాణికుల రాకపోకలలో నూటికి ఒక వంతును మాత్రమే మోయుచున్నదని ఆయన లెక్క. లెక్క అబద్ధమనలేము. కాని కారు లేని పల్లెవాసి పట్టణమునకు పోవుటకు పడు పాట్లు అందులో చేరవు. 1966 జనవరి 3న ఆడిల్‌స్ట్రాప్ స్టేషను మూతపడినది.

కట్టడమును పడగొట్టినారు. గ్రామస్థులు మాత్రము స్టేషను పేరు బల్లను, ఒక బెంచీని తెచ్చి బస్సుకొరకు వేచియుండు చావడిలో పదిలపరచినారు. ఆ బెంచీపై కవితను చెక్కిన ఫలకము కలదు. రైళ్లు నేటికిని ఆ దారిన పోవుచునే యున్నవి, కాని అచ్చట ఆగవు.

ఒక రైలు క్షణకాలము ఆగిన దానికి ఆదాయ వ్యయముల పట్టికలో చోటు లేదు. ఆ క్షణమును తలచుకొనుటకే నేటికిని యాత్రికులు ఆ చావడికి వచ్చుచున్నారు.