మంచం కింద మొదలైన నవ్వు

మధురవాణి ఇంటికి పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వస్తుంది. గిరీశం గభాలున మంచం కిందికి దూరతాడు. అక్కడ అప్పటికే రామప్పపంతులు నక్కి ఉన్నాడు. దెబ్బ కాస్తా పంతులుకు తగులుతుంది. రెండు రీళ్ల హాస్యచిత్రానికి ఇంతకు మించి ఏం కావాలి? తెలుగు టాకీ రాకముందే ‘కన్యాశుల్కం’లో ఈ ఘట్టం రాసిన గురజాడ అప్పారావు 1862లో ఎస్. రాయవరంలో పుట్టారు. ఆ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కింది.

మూకీల్లో నవ్వంటే పడటం, పరుగెత్తడం, తన్నులు తినడం. మన హాళ్లలో తెర పక్కన వ్యాఖ్యాత నిలబడి కథ చెప్పేవాడు. 1928లో వాల్ట్ డిస్నీ ‘స్టీమ్‌బోట్ విల్లీ’ వచ్చింది. అందులో పాట కాగితాలు మేసిన మేక తోక తిప్పితే సంగీతం వస్తుంది. శబ్దమే అక్కడ హాస్యం. మరుసటి ఏడాదే లారెల్, హార్డీ తెరమీద మాట్లాడారు. రీలుకు పదకొండు నిమిషాలు. రెండు రీళ్లతో సరిపోయే ఆ చిన్న సినిమాలు పెద్ద చిత్రానికి ముందు పడేవి.

తెలుగు 1931లో ‘కాళిదాస్’లో కొంత వినిపించింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’ పూర్తిగా తెలుగులోనే వచ్చింది. ఆపైన వరసగా పురాణాలే. వాటి మధ్య సి. పుల్లయ్య ‘కాసులపేరు’, ‘చల్ మోహనరంగా’ లాంటి చిన్న చిత్రాలు తీశారు. 1940లో హెచ్.ఎం. రెడ్డి ‘బొండాం పెళ్ళి’ తీశారు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ కూడా ఆ ఏడాదే తెరకెక్కింది. పార్వతీశంగా లంక సత్యం నటించారు.

దేవుళ్లు గ్రాంథికం మాట్లాడినా చెల్లుతుంది. పార్వతీశం అలా మాట్లాడితే ఎవరికీ నవ్వు రాదు. హాస్యానికి ఇంట్లో, వీధిలో వినపడే తెలుగే ప్రాణం. ఆ తెలుగును రంగస్థలం మీద నిలబెట్టినవారు గురజాడ. మూకీలకు వ్యాఖ్యానం చెప్పిన కస్తూరి శివరావు 1939లో ‘వరవిక్రయం’తో నటుడయ్యారు. తెర పక్కన పలికిన గొంతు తెరలోకి వెళ్లింది. పి. పుల్లయ్య దర్శకత్వంలో 1955లో ‘కన్యాశుల్కం’ కూడా సినిమా అయింది.

ఈసారి ఆ మంచం ఘట్టాన్ని ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించుకుని, కళ్లు మూసుకుని వినండి. ఒక్క బొమ్మా లేకుండానే నవ్వొస్తుంది. మన టాకీ హాస్యానికి వేరు ఆ మాటల్లోనే ఉంది.