మేక్ – ఎడిటర్ సంబంధం: ఫైలు పేరు, పంక్తి సంఖ్యల చరిత్ర

ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్ ఉపకరణాల చరిత్ర రాసేవారు సాధారణంగా ఎడిటర్లను ఒక వరుసలోను, ప్రోగ్రాములను నిర్మించే బిల్డ్ టూళ్లను మరొక వరుసలోను పెట్టి చెబుతారు. ఈ విభజన సౌకర్యంగానే ఉంటుంది. కాని ప్రోగ్రామర్ దినచర్య ఈ రెండింటి మధ్య రాకపోకలతోనే గడుస్తుంది: రాయడం, నిర్మించడం, దోషం ఉన్న చోటికి తిరిగి వెళ్లడం. ఆ దారి ఎలా ఏర్పడిందో 1976లో పుట్టిన మేక్ కేంద్రంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకదాని గురించి మరొకటి దాదాపు ఏమీ తెలియని రెండు ప్రోగ్రాములు కలిసి పనిచేయడానికి ఒక చిన్న ఆచారం చాలిందని, అన్నింటినీ ఒకే చోట కలిపిన ఎన్నో వ్యవస్థల కంటే ఆ ఆచారానికే ఆయుష్షు ఎక్కువని ఇక్కడి ప్రతిపాదన.

మేక్ పుట్టుక

అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాశారు. యాక్ అనే ఉపకరణాన్ని నిర్మించిన స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా సరైన ప్రోగ్రాములోనే తప్పు వెదుకుతూ గడిపారు. తప్పును అప్పటికే దిద్దారు. దిద్దిన ఫైలును మాత్రం మళ్లీ కంపైల్ చేయలేదు. ఆయన చికాకు విన్న ఫెల్డ్‌మన్‌కు ముందురోజు సాయంత్రం ఎదురైనదీ అదే. ఏ ఫైలు దేనిపై ఆధారపడుతుందో విశ్లేషించే పెద్ద ఉపకరణాన్ని మొదట తలపెట్టి, దాన్ని కుదించి ఒక వారాంతంలో మేక్‌ను సిద్ధం చేశారు.

సమస్య ఎడిటర్‌కు, కంపైలర్‌కు మధ్య ఉన్న ఖాళీలో పుట్టిందని గమనించాలి. ఎడిటర్‌లో మూలపాఠం మారింది. నడుస్తున్న ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. ఫైళ్ల ఆధార సంబంధాలను మేక్‌ఫైలులో రాసుకుంటే, తయారైన ఫైలు కంటే దాని ఆధారాలు కొత్తవైనప్పుడు మేక్ సంబంధిత ఆదేశాలను మళ్లీ నడుపుతుంది. అంటే ఫైలును భద్రపరచినప్పుడు దానిపై పడే సవరణ సమయమే ఎడిటర్ నుంచి బిల్డ్ టూల్‌కు చేరే సందేశం.

కనిపించని అక్షరం

మేక్‌ఫైలులో ఆదేశం ఉన్న పంక్తి ట్యాబ్‌తో మొదలుకావాలి, స్పేసులు చెల్లవు. ఇందుకు ఫెల్డ్‌మన్ చెప్పిన కారణాన్ని ఎరిక్ రేమండ్ 2003 నాటి తన యూనిక్స్ గ్రంథంలో నమోదు చేశారు. అప్పటికి సరికొత్తదైన లెక్స్‌తో తంటాలు పడి, చివరకు ఈ తేలిక నియమంతో ఫెల్డ్‌మన్ సరిపెట్టుకున్నారు. కొన్ని వారాల్లోనే డజను మంది వాడుకదారులు ఏర్పడ్డారు, చాలామంది మిత్రులే. వారిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక దాన్ని మార్చలేదు. ఆ డజను మందికి తప్పిన ఇబ్బంది తరువాతి తరాలన్నిటికీ సంక్రమించింది.

తెరపై ట్యాబ్‌కు, కొన్ని స్పేసులకు తేడా కనిపించదు. ట్యాబ్ మీట నొక్కితే స్పేసులు చేర్చే అమరిక ఎడిటర్లలో వ్యాపించాక, చూపుకు నిర్దోషమైన మేక్‌ఫైలు కూడా ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటూ ఆగిపోసాగింది. సర్దుకున్నవి ఎడిటర్లే. విమ్‌లో మేక్‌ఫైళ్ల కోసం ఉన్న అమరిక ఆ మార్పిడిని ఆపివేస్తుంది. ఈమాక్స్‌లో వాటికొక ప్రత్యేక రీతి ఉంది. 2010 నాటి గ్నూ మేక్ 3.82 ట్యాబ్‌కు బదులు మరో అక్షరాన్ని ఎంచుకోనిచ్చినా, వాడుక పెద్దగా మారలేదు.

దోషం ఉన్న చోటికి

తిరుగుదారి ఇంకా ఆసక్తికరం. కంపైలర్ దోషాన్ని తెలిపేటప్పుడు ఫైలు పేరు, పంక్తి సంఖ్య, తరువాత సందేశం ముద్రిస్తుంది. మనిషి చదవడానికి ఉద్దేశించిన ఆ పంక్తినే ఎడిటర్లు చదవడం నేర్చుకున్నాయి. గ్నూ ఈమాక్స్‌లో కంపైల్ ఆదేశం ఇస్తే అది మేక్‌ను నడిపి, వచ్చిన పాఠాన్ని ఒక కిటికీలో ఉంచి, ఒక్కొక్క దోషం దగ్గరకు తీసుకువెళుతుంది. ఒక ఫైలు విఫలమైనా దానితో సంబంధం లేని మిగతావాటిని కొనసాగించమనే సూచన కూడా మేక్‌కు అప్రమేయంగా అందుతుంది. ఒక్క పరుగులో ఎక్కువ దోషాలు బయటపడాలన్నది ఉద్దేశం. 1991లో బ్రామ్ మోలెనార్ విడుదల చేసిన విమ్‌లోని క్విక్‌ఫిక్స్‌కు ప్రేరణ అమిగా కంప్యూటర్లలోని ఆజ్‌టెక్ సి కంపైలర్.

మేక్ ఉపసంచయాల్లోకి వెళ్లినప్పుడు ఫైలు పేరు ఒక్కటే సరిపోదు. అందుకే గ్నూ మేక్ తాను ప్రవేశించే, విడిచే సంచయాల పేర్లను ప్రకటిస్తుంది. ఈమాక్స్, విమ్ ఆ ప్రకటనలనూ చదివి దారి తెలుసుకుంటాయి. దోష సందేశపు రూపాన్ని గ్నూ ప్రమాణాల పత్రం నియమంగానే రాసింది.

దీనికి ఎదురుదారి 1983లో బోర్లాండ్ విడుదల చేసిన టర్బో పాస్కల్. ఎడిటర్, కంపైలర్ ఒకే ప్రోగ్రాములో కలిసిపోయాయి; దోషం వస్తే కర్సర్ నేరుగా అక్కడే నిలిచేది. దాని సోదరి టర్బో సి నీలితెరతో మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో చాలాకాలం కొనసాగింది. అందులో ఎఫ్9 మీటకు పేరు మేక్! అయితే కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కి ఫలితం చూసే విద్యార్థికి కంపైలింగ్, లింకింగ్ వేర్వేరు దశలన్న సంగతి అనుభవంలోకి వచ్చే అవకాశం తక్కువ. బోధన దృష్ట్యా ఇది చిన్న నష్టం కాదు.

2015లో వెలువడిన విజువల్ స్టూడియో కోడ్‌లో బిల్డ్ పనిని అమర్చేటప్పుడు ‘ప్రాబ్లమ్ మ్యాచర్’ అనే అంశం కనిపిస్తుంది. బయట నడిచిన ఉపకరణం ముద్రించిన పాఠంలో ఫైలు పేరును, పంక్తి సంఖ్యను వెదకడమే దాని పని.