పాఠభేదాలు – ప్రతుల కలయిక

నంద్యాల కృష్ణమరాజుకు పింగళి సూరన 16వ శతాబ్దంలో ‘కళాపూర్ణోదయము’ను అంకితమిచ్చినాడు. ఆళ్ళగడ్డకు సమీపాన ఉన్న అహోబిలక్షేత్ర కథను అంతకు పూర్వమే, 14వ శతాబ్దంలో, ఎఱ్ఱన ‘నృసింహపురాణము’గా రచించినాడు. అచ్చుయంత్రం వచ్చేదాకా ఇటువంటి కావ్యాలు వ్రాతప్రతులలోనే బ్రతికినవి. ఒక ప్రతిని చూచి మరొకటి వ్రాసుకొన్నప్పుడల్లా అక్షరమో, పదమో, ఒక్కొక్కచో పద్యమో మారేది. ఈ మార్పులకే పాఠభేదాలని పేరు.

కడపలో ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ వీటిని తేల్చడానికి ఒక పద్ధతి పెట్టినాడు. ఒక్కొక్క గ్రంథానికి పది పన్నెండు ప్రతులు సేకరించేవాడు. పద్యాలకు సంఖ్యలు వేయించి, పుట విడిచి పుట ఖాళీగా ఉండేటట్లు ఒక ప్రతి వ్రాయించేవాడు. భేదాలన్నీ ఆ ఖాళీ పుటలలోకి ఎక్కేవి. తరువాత సంస్కృతం, తెలుగు, ఛందస్సులలో దిట్టలైన ముగ్గురు పండితులు చర్చించేవారు. సమాసం చెడినదో, యతి తప్పినదో పట్టుకొనడానికి వేరువేరు చూపులు కావలెను గదా! ఏ పాఠం నిలవవలెనో చివరకు బ్రౌన్ చెప్పేవాడు. ఎన్ని ప్రతులున్నా, కవి స్వయంగా వ్రాసిన మూలం మాత్రం ఆయనకు దొరకలేదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేవారికీ ఇదే చిక్కు వస్తుంది. ఒకే ఫైలును ఇద్దరు వేరువేరు చోట్ల దిద్దుతారు. అయితే వీరికి మూలప్రతి భద్రంగా ఉంటుంది. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోని ‘డిఫ్3’ మూడు ప్రతులను ఒక్కసారే పోల్చగలిగినది. ఒకరే మార్చిన పంక్తి అయితే ఆ మార్పును తీసుకొనవచ్చును. ఒకే పంక్తిని ఇద్దరూ రెండు విధాల మార్చితేనే తగవు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆరంభించిన ‘గిట్’ కూడ ఈ త్రోవనే నడచినది.

కాని అన్ని ఫైళ్ళకూ ఒకే న్యాయం పనికిరాదు. అందుకే 2007 నుండి, ఏ రకపు ఫైలును ఎట్లా కలపవలెనో గిట్‌కు ముందే వ్రాసిపెట్టే వీలు కలిగినది. ‘యూనియన్’ అనే నియమం ఇరువురి పంక్తులనూ ఉంచివేస్తుంది. పదాల పట్టికకు ఇది బాగే. పద్యానికి పెట్టితే నాలుగు పాదాలు ఐదవుతవి. యంత్రం మాత్రం తగవే లేదంటుంది! పొరపాటు ఇట్లా చడీచప్పుడు లేకుండా లోపలికి వస్తుంది. ఛాయాచిత్రపు ఫైలులోనైతే పంక్తులే ఉండవు. దానికి ఏదో ఒక ప్రతిని ఎంచుకొనవలసినదే.

ఏ నియమమూ సరిపడనప్పుడు సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామును నియమించవచ్చును. గిట్ దానికి మూలం, మన ప్రతి, ఎదుటివారి ప్రతి మూడింటినీ అందిస్తుంది. అది సున్న తిరిగి ఇస్తే పొత్తు కుదిరినట్లు. మరొక సంఖ్య ఇస్తే ఆ ఫైలు మనిషి ముందుకు వస్తుంది.