ఇంధనం అయిపోయాక ఇంటికి

ఈ వారం చరిత్ర ప్రసంగం అని చెప్పి ఒక వీడియో గేమ్‌తో మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఈ చరిత్ర అలాగే మొదలైంది మరి.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే ఆట ఆడుతుంది. మెక్సికో సిటీలో స్క్వాడ్ అనే కంపెనీలో పనిచేసే ఫెలిపే ఫలాంగే దీన్ని తయారుచేయడం మొదలుపెడితే, 2011లో జనం చేతికి వచ్చింది. ఆకుపచ్చ బుజ్జి మనుషులు, వాళ్ళకి కెర్బిన్ అని ఒక చిన్న గ్రహం, దానికి మన్ అని ఒక చందమామ. రాకెట్ మనమే కట్టి, మనమే నడపాలి. బొమ్మల్ని చూస్తే నవ్వొస్తుంది గానీ లెక్కలు మాత్రం న్యూటన్‌గారి లెక్కలే.

ఒక శుక్రవారం రాత్రి, నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి, "నాన్నా, జెబ్‌కి ఫ్యూయల్ అయిపోయింది" అంది. జెబ్ అంటే జెబెడయా, ఆ ఆటలో అందరికీ ఇష్టమైన వ్యోమగామి. చందమామ దాకా వెళ్ళి తిరిగి వస్తున్నాడు. ట్యాంకులో చుక్క లేదు. నౌక కోడిగుడ్డు ఆకారంలో ఉన్న దారిలో తిరుగుతోంది. ఆ దారిలో ఒక కొస గ్రహానికి 80 కిలోమీటర్ల ఎత్తున ఉంది, రెండో కొస పదకొండు వేల కిలోమీటర్ల పైన ఉంది. కెర్బిన్ మీద గాలి 70 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. గాలి తగిలితే వేగం తగ్గి కిందికి దిగుతాడు. ఆ పది కిలోమీటర్ల తేడాతో తగలడం లేదు. అలా ఎన్నేళ్ళైనా తిరుగుతూనే ఉంటాడు.

నేను తండ్రిగా నా ధర్మం నిర్వర్తించాను. అంటే తిట్టాను. "చందమామ చుట్టూ అన్నిసార్లు ఎందుకు తిప్పావు? చూడ్డానికేనా? ఇది తీసేసి మళ్ళీ మొదలుపెట్టు" అన్నాను. "అంటే జెబ్‌ని వదిలేయాలా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బొమ్మే కదా అనబోయి ఊరుకున్నాను.

ఉపాయం తనకే తట్టింది. వ్యోమగామి వీపుకి చిన్న జెట్ సంచి ఉంటుంది. బయటికి వచ్చి, నౌక ముక్కుకి భుజం ఆనించి వెనక్కి తోయడం. రోడ్డు మీద ఆగిపోయిన అంబాసిడర్ కారుని తోసినట్టు. మొదట గ్రహానికి దగ్గరలో ఉన్నప్పుడు తోసింది. దారి రెండో కొస కాస్త తగ్గింది గానీ ఇటు కొస అంగుళం కూడా దిగలేదు. అప్పుడు నేను కాగితం, పెన్సిలు తీశాను.

నౌక కింది కొస దగ్గర సెకనుకి మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరిగెడుతుంది. అదే నౌక పై కొసకి వెళ్ళేసరికి సెకనుకి 180 మీటర్లు కూడా ఉండదు. అక్కడ నీరసంగా పాకుతూ ఉంటుంది కాబట్టి కాస్త తోసినా దారి మొత్తం మారిపోతుంది. జెబ్ గనక గ్రహాన్ని ఆనుకుని 80 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరుగుతూ ఉంటే, దిగడానికి సెకనుకి 45 మీటర్ల వేగం తగ్గించాలి. ఈ కోడిగుడ్డు దారిలో, ఆ పై కొసన తోస్తే, ఆరు మీటర్లు చాలు. ఆరు మీటర్లంటే మనం సైకిలు తొక్కే వేగం! ఇంటికి ఎంత దూరంలో ఉంటే అంత సులువన్నమాట. మన పెద్దవాళ్ళెవరూ నమ్మని మాట ఇది.

భుజం సరిగ్గా మధ్యలో ఆనకపోతే నౌక బొంగరంలా తిరిగిపోతుంది. శనివారం మధ్యాహ్నం దాకా పట్టింది. చివరికి పారాచూట్ విచ్చుకుని జెబ్ సముద్రంలో పడ్డాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం.

ఇలాంటి ఆటలు ఇప్పటివి కావు. 1969లో, మనిషి చంద్రుడి మీద దిగిన ఏడాదే, మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్ హైస్కూలు విద్యార్థి జిమ్ స్టోరర్ పీడీపీ-8 అనే కంప్యూటర్ మీద చంద్రుడి మీద దిగే ఆట రాశాడు. బొమ్మల్లేవు. అంకెలు మాత్రమే. పది సెకన్లకోసారి ఎంత ఇంధనం మండించాలో చెప్పాలి. 1979లో అటారీ కంపెనీ అలాంటి ఆటనే బొమ్మలతో తెచ్చింది. ఇన్నేళ్ళైనా ఆటలో ఉత్కంఠ ఒక్కటే, ఆ మిగిలిన ఇంధనం అంకె.

ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది, నిజంగా ఎవరికైనా ఇలా జరిగిందా అని. జరిగింది. స్కాట్ కార్పెంటర్ కథ చెప్పాను.

1962 మే 24. అమెరికా తరఫున భూమి చుట్టూ తిరిగిన రెండో మనిషి కార్పెంటర్. నౌక పేరు అరోరా-7. (మన బాలాజీ గుడి ఉన్న అరోరాకీ దీనికీ సంబంధం లేదు. ఉదయకాంతి అనే అర్థంలో పెట్టుకున్నాడు. ఆయన పెరిగిన బౌల్డర్‌లో ఇల్లు అరోరా ఎవెన్యూ, ఏడో వీధి మూల మీద ఉండటం కాకతాళీయం.) మూడు చుట్లు తిరిగి రావాలి. ముందు వెళ్ళిన జాన్ గ్లెన్‌కి కిటికీ బయట మిణుగురు పురుగుల్లాంటివి కనిపించాయి. అవేమిటో ఎవరికీ తెలీదు. కార్పెంటర్ లోపల గోడని చేత్తో కొట్టి చూశాడు. బయట ఒక గుంపు మిణుగురులు ఎగిరాయి. అవి నౌకకి పట్టిన మంచు రేణువులు! అంతరిక్షంలో ఇంత మంచి పరిశోధన చేత్తో కొట్టి చేసినవాడు మరొకడు ఉంటాడనుకోను.

కానీ ఇలా చూడటానికి నౌకని అటూ ఇటూ తిప్పాలి. తిప్పడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. దానికి తోడు క్షితిజరేఖని చూసి నౌకని నిలబెట్టే పరికరం సరిగ్గా పనిచెయ్యలేదు. మూడో చుట్టుకి వచ్చేసరికి రెండు ట్యాంకుల్లోనూ సగం కూడా మిగల్లేదు. తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే వేళ ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారుతూ మొదటిదాన్ని ఆపడం మర్చిపోయాడు. పది నిమిషాల పాటు రెండు ట్యాంకులూ ఒకేసారి కారాయి.

వేగం తగ్గించే రాకెట్లు వేరే ఉన్నాయి, వాటికి లోటు లేదు. కానీ అవి పేలే క్షణాన నౌక ముఖం సరైన దిక్కున ఉండాలి. 25 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది. రాకెట్లు వాటంతటవి పేలలేదు. ఆయన బొత్తాం నొక్కేసరికి మూడు సెకన్లు ఆలస్యం. పైగా వాటి బలమూ కొంచెం తగ్గింది. అన్నీ కలిసి, దిగాల్సిన చోటికి 400 కిలోమీటర్ల అవతల అట్లాంటిక్‌లో పడ్డాడు. గాలిలోకి వచ్చాక తిప్పే ఇంధనం పూర్తిగా అయిపోయి నౌక ఊగిపోతుంటే, చిన్న పారాచూట్‌ని ముందుగానే విప్పి నిలబెట్టుకున్నాడు. ఆయన బతికున్నాడో లేదో తెలియక అరగంటకి పైగా దేశమంతా టీవీల ముందు కూర్చుంది.

ఆయన మళ్ళీ అంతరిక్షానికి వెళ్ళలేదు. అప్పుడు నియంత్రణ కేంద్రంలో ఫ్లైట్ డైరెక్టర్‌గా ఉన్న క్రిస్ క్రాఫ్ట్ 2001లో వచ్చిన తన పుస్తకంలో కూడా కోపం దాచుకోలేదు. ఆ అధ్యాయానికి, పాడైంది యంత్రం కాదు మనిషే అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మరుసటి ఏడాది కార్పెంటర్ తన కథని తన కూతురితో కలిసి రాసి అచ్చువేశారు.

ఎవరిది తప్పు? రెండు ట్యాంకులూ తెరిచి ఉంచడం కార్పెంటర్ తప్పే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. కానీ పరికరం చెడితే తన కళ్ళతో చూసి, తన చేత్తో బొత్తాం నొక్కి దిగింది కూడా ఆయనే. అదే ఏడాది అక్టోబరులో వాలీ షిర్రా వెళ్ళి, ఎక్కువసేపు నౌకని దాని మానాన వదిలేసి, సగానికి పైగా ఇంధనం మిగుల్చుకుని, ఓడకి పది కిలోమీటర్ల లోపే దిగాడు. అందరూ శభాష్ అన్నారు. పాఠం మాత్రం కార్పెంటర్ ఖర్చుతో నేర్చుకున్నదే కదా అని నాకనిపిస్తుంది.

మిగిలిన ఇంధనం విలువ మనవాళ్ళకీ తెలుసు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3లో, లాండర్‌ని చంద్రుడి దాకా మోసుకెళ్ళిన భాగంలో వంద కిలోల పైగా ఇంధనం మిగిలింది. దాన్ని అక్కడే వదిలేయకుండా అక్టోబరులో ఇంజన్ మండించి భూమి కక్ష్యకి తిరిగి తెచ్చారు. ఈ మాట చెప్పగానే మా అమ్మాయి, "చూశావా, వాళ్ళూ వదిలేయలేదు" అంది. నాకు తగలాల్సిన చోటే తగిలింది.

అరోరా-7 మన షికాగోలోనే, సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉంది. తనని తీసుకెళ్ళాను. అడుగుభాగం రెండు మీటర్ల వెడల్పు కూడా లేదు. "ఇందులోంచి బయటికి ఎలా వచ్చాడు నాన్నా?" అని అడిగింది. సముద్రంలో దిగాక తలుపు తీయకుండా, పైనున్న మెడలోంచి దూరి వచ్చాడు. చిన్న తెప్పలో సుమారు మూడు గంటలు కూర్చున్నాడు. విమానంలోంచి దూకి తన దగ్గరికి ఈదుకుంటూ వచ్చిన ఇద్దరు సైనికులకి తన డబ్బాలో తిండి తీసి పెట్టబోయాడట. వాళ్ళు వద్దన్నారట.