జాబితా విడుదల: మెమరీ పూచీ చరిత్ర (1960–2015)

ప్రోగ్రామరు స్వయంగా నిర్మించుకొన్న జాబితాలోని మెమరీని ఎవరు, ఎప్పుడు విడుదల చేయాలి? దీనిని యంత్రసామర్థ్యానికి చెందిన చిన్న విషయంగా భావించడం కద్దు. దీని చరిత్రను పరిశీలిస్తే యాజమాన్యమే అసలు సమస్యగా కనిపిస్తుంది.

న్యూవెల్, షా, సైమన్‌లు రూపొందించిన ఐ.పి.ఎల్. భాషలో పని తీరిన జాబితాను చెరిపివేసే పూచీ ప్రోగ్రామరుదే. 1960లో జాన్ మెకార్థీ లిస్ప్‌పై రాసిన వ్యాసంలో ఆ పూచీని యంత్రానికి అప్పగించాడు. ఖాళీ స్థలం అయిపోయినప్పుడు, ప్రోగ్రాము చేరుకోగల భాగాలను గుర్తించి తక్కినవాటిని తిరిగి ఖాళీ జాబితాలో చేర్చడం ఆయన పద్ధతి. అదే సంవత్సరం జార్జ్ కాలిన్స్ మరో మార్గం చూపాడు: ఒక జాబితాను ఎన్ని పాయింటర్లు పట్టుకొని ఉన్నాయో లెక్కిస్తూ, లెక్క సున్నా కాగానే విడవడం. లెక్కింపు మార్గాన్ని తామెందుకు చేపట్టలేదో మెకార్థీ తరువాత వివరించాడు. ఐ.బి.ఎం. 704 యంత్రపు 36 బిట్ల పదంలో మిగిలినవి ఆరే బిట్లు. అవీ ఒకచోట లేవు. ఇంత ప్రభావం చూపిన ఒక నిర్ణయం వెనుక ఇంత స్వల్పమైన భౌతిక పరిమితి ఉండటం గమనార్హం. లెక్కింపుకు వలయజాబితాలు లొంగవని 1963లో మెక్‌బెత్ ఎత్తిచూపాడు. ఒకదానినొకటి పట్టుకొన్న రెండు కణుపుల లెక్క ఎన్నటికీ సున్నాకు రాదు.

సి భాష పూచీని మళ్ళీ మనిషికే ఇచ్చింది. కెర్నిహన్, రిచీల గ్రంథం రెండవ కూర్పు (1988) ఇందులో తరచు జరిగే పొరపాటును చూపుతుంది: కణుపును విడిచిపెట్టి, ఆ తరువాత దానిలోనుంచే తదుపరి కణుపు చిరునామాను చదవడం. ఇల్లు అమ్మేశాక బీరువా తాళాలకోసం అదే ఇంటికి వెళ్ళడం వంటిదిది. చాలాసార్లు తాళాలు దొరుకుతాయి కూడా. ప్రమాదమంతా అక్కడే ఉంది. చిరునామాను ముందే భద్రపరచుకొని, ఆపై కణుపును విడవాలి.

2015 మే 15న వెలువడిన రస్ట్ 1.0 యాజమాన్యాన్ని భాషానియమంగా మార్చింది. విలువకు ఒకే యజమాని. యజమాని పరిధి ముగియగానే విడుదల. ‘అన్‌సేఫ్’ భాగాలను మినహాయిస్తే, విడిచినదానిని చదివే ప్రోగ్రామును కంపైలరు అంగీకరించదు. అయితే ఆ విడుదల తప్పక జరుగుతుందన్న నమ్మకంపై ఆధారపడిన ఒక థ్రెడ్ సదుపాయం 1.0కు కొద్దివారాల ముందు దెబ్బతిన్నది. థ్రెడ్డు ముగిసేవరకు ఆగవలసిన కాపలా విలువను లెక్కింపు పాయింటర్ల వలయంలో బంధిస్తే, దాని విడుదల ఎప్పటికీ జరగదు; థ్రెడ్డు మాత్రం గతించిన మెమరీని చదువుతూనే ఉంటుంది. మెక్‌బెత్ చూపిన వలయమే ఇది. ఆ సదుపాయాన్ని రస్ట్ నిర్మాతలు స్థిరరూపంలో చేర్చలేదు.