కొక్కెపు ఊలు రగ్గు
కొక్కెపు ఊలు రగ్గు అంటే గోనెగుడ్డ మీద చిన్న కొక్కెంతో ఊలు పీలికలను ఉచ్చులుగా పైకి లాగి చేసే తివాచీ. 19వ శతాబ్దంలో అమెరికా ఈశాన్య తీరంలోనూ, కెనడా తూర్పు తీరంలోనూ ఇది గృహకళగా రూపుదిద్దుకుంది. బెంగాల్ జనపనారతో చవకైన గోనెగుడ్డ అందుబాటులోకి రావడం దీని వ్యాప్తికి ముఖ్య కారణం. 1855లో రిష్రాలో తొలి జనపనార మిల్లు వెలిశాక ఆ పరిశ్రమ హుగ్లీ నదీ తీరం వెంట విస్తరించింది.

నమూనా గీసిన గుడ్డను చట్రానికి బిగిస్తారు. సుమారు 2 నుంచి 6 మిల్లీమీటర్ల వెడల్పున్న పీలికను ఒక చేత్తో అడుగున పట్టుకుని, మరో చేత్తో పైనుంచి కొక్కెం దింపి లాగుతారు. ముడులు ఉండవు, నేత బిగువే ఉచ్చులను నిలుపుతుంది. ఏలూరు ఊలు తివాచీల్లో మాత్రం మగ్గంపై పడుగు దారాలకు ముడులు వేస్తారు. గోనెగుడ్డ కాలక్రమంలో పెళుసవుతుంది కనుక నేడు కొక్కెపు రగ్గులను అభిరుచిగా చేసేవారు లినెన్, నూలు గుడ్డలను కూడా వాడుతున్నారు.