మత్తు డాక్టరు అడిగే ఆ ఒక్క ప్రశ్న

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు వచ్చి ఏమేం అడుగుతారో తెలుగు ఇళ్లలో చాలామందికి తెలుసు. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఉబ్బసం ఉందా, కట్టుడు పళ్లున్నాయా? ఆ వరసలోనే ఒక్కోసారి ఇంకో ప్రశ్న వస్తుంది: "మీరు ఆర్యవైశ్యులా?"

మొదటిసారి విన్నవాళ్లు ఉలిక్కిపడతారు. ఆస్పత్రిలో కులం ఊసెందుకని నొచ్చుకునేవాళ్లూ ఉంటారు. కానీ ఆ ప్రశ్న వెనక ఒక మందు ఉంది, ఒక ఎంజైము ఉంది, డెబ్బై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. జన్యువైద్యం అనే మాట జనం నోళ్లలో నానకముందే మన నర్సింగ్ హోముల్లోకి వచ్చేసింది ఈ ప్రశ్న రూపంలోనే.

ఆ మందు సక్సినైల్‌కోలిన్. థియేటర్లలో అందరూ స్కోలిన్ అంటారు. 1906లోనే అమెరికాలో రీడ్ హంట్, టావో అనే ఇద్దరు దీన్ని జంతువులపై పరీక్షించారు. అయితే ఆ జంతువులకు ముందే క్యురారే ఇచ్చి కదలకుండా చేశారు. కండరాలు అప్పటికే చచ్చుబడి ఉండటంతో ఈ మందు కూడా అదే పని చేస్తుందని వాళ్లకు తెలిసే వీలు లేకపోయింది. ఆ సంగతి 1949లో డానియల్ బోవే బయటపెట్టారు. 1951 నుంచి యూరప్‌లో రోగులకు ఇవ్వడం మొదలైంది. ఊపిరి గొట్టం వేయడానికి అంత అనువైన మందు అప్పటికి లేదు: నిమిషంలో కండరాలు సడలుతాయి, ఐదు పది నిమిషాల్లో మళ్లీ మామూలవుతాయి.

అంత త్వరగా దిగిపోవడానికి కారణం కాలేయంలో తయారై రక్తరసంలో తిరిగే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము. అది మందును దొరికింది దొరికినట్టు ముక్కలు చేసేస్తుంది. మరి ఆ ఎంజైమే లేకపోతే?

రెండేళ్లు తిరక్కుండానే జవాబు తెలిసింది. కొందరు రోగులు ఆపరేషన్ అయిపోయినా గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయారు. మత్తు తేలిపోతే మనిషికి తెలివి ఉంటుంది, వేలు కూడా కదపలేడు. ఇంగ్లండులో హెర్మన్ లేమన్ ఇలాంటి రోగుల రక్తసంబంధీకులను పరీక్షించి, ఈ లోపం కుటుంబాల్లో నడుస్తోందని 1956లో చూపించారు. మరుసటి ఏడాది టొరాంటోలో వెర్నర్ కాలో, డిబుకైన్ అనే మత్తుమందు సాయంతో లోపమున్న ఎంజైమును ప్రయోగశాలలో గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టారు. ఒకే మందు ఒకరికి పడి, మరొకరికి పడకపోవడానికి పుట్టుకలోనే కారణం ఉండొచ్చని చెప్పే ఫార్మకోజెనెటిక్స్ శాస్త్రానికి ఇది తొలి పునాదుల్లో ఒకటి. ఆ పేరు 1959లో ఫ్రిడ్రిష్ ఫోగెల్ పెట్టారు.

తెలుగునాట అధ్యాయం 1979లో తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ ఎంజైమును దాదాపు పనిచేయనివ్వని జన్యువు అసాధారణంగా ఎక్కువగా ఉందని ఆ ఏడాది 'హ్యూమన్ జెనెటిక్స్' పత్రికలో వచ్చింది. 2006లో అసలు తప్పు దొరికింది. ప్రొటీన్ గొలుసులో 307వ స్థానంలో లూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ చేరింది. ఒక్క అక్షరం మారితే మాట అర్థమే పోయినట్టు, ఆ ఒక్క మార్పుతో ఎంజైము పనికిరాకుండా పోతోంది.

ముప్పై లక్షలు దాటిన సమాజంలో ఇదెలా సాధ్యం? హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం కలిసి చేసిన పరిశోధన దీనికి జవాబిచ్చింది. గోత్రాలు వేరైనా పెళ్లిళ్లు మాత్రం కులం దాటలేదు. వందకు పైగా తరాల కిందటి కొద్దిమంది పూర్వీకుల జన్యువులే మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చాయి. ఆ కొద్దిమందిలో ఒకరు మోసిన లోపం ఇలా ఇంతమందికి చేరింది. ఇతరులతో పోలిస్తే వైశ్యుల్లో ఇది సుమారు 100 రెట్లు ఎక్కువ. అలాగని ఇది వాళ్లొక్కరి కథే కాదు. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాల్లో ఇలాంటి కొద్దిమంది పూర్వీకుల ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో కంటే, అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా కనిపించింది.

ఈ లోపం రోగం కాదు. ఉన్నవాళ్లు తింటారు, తిరుగుతారు, నిండు నూరేళ్లు బతుకుతారు. ముఖ్యంగా స్కోలిన్‌తోనూ, దాని తోవలోనే కరిగే మివాక్యూరియంతోనూ చిక్కు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు రోక్యురోనియం వంటి మరో మందు వాడతారు. తెలియక ఇచ్చేసినా వెంటిలేటర్ మీద ఉంచి, తెలివి రాకుండా మత్తు కొనసాగిస్తూ, మందు దిగేదాకా కాచుకుంటే మనిషి క్షేమంగా లేస్తాడు. ప్రమాదమంతా సిద్ధంగా లేకపోవడంలోనే ఉంది.

అందుకే కులం అడిగి ఊరుకుంటే సరిపోదు. వైశ్యులందరిలో ఈ లోపం ఉండదు, ఇతరుల్లో బొత్తిగా లేకపోలేదు. మామూలు రక్తపరీక్షతో ఎంజైము ఎంతుందో తేలిపోతుంది. ఆ పరీక్ష రాయాల్సింది ఇంటిల్లిపాదినీ ఎరిగిన ఫ్యామిలీ డాక్టరు. "మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత తెమలడానికి చాలాసేపు పట్టిందా?" అని తీరిగ్గా అడగగలిగేదీ ఆయనే. లోపం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది కాబట్టి, అక్కకు ఉందని తేలితే తమ్ముడికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అక్క కేస్ షీట్‌లో ఆ సంగతి రాసి, తమ్ముణ్ని పిలిపించి రక్తం తీయిస్తే, అతనికి ఏ అర్ధరాత్రో అపెండిసైటిస్ ఆపరేషన్ పడినా థియేటర్‌లో మత్తు డాక్టరు చేతికి ఆ కాగితం ముందే అందుతుంది.